మూత కింద రెండు తేదీలు

మా నాన్నగారి వాచీ పదేళ్ళకు పైగా బీరువాలోనే ఉండిపోయింది. ఒమేగా సీమాస్టర్, చేత్తో కీ ఇచ్చే రకం. 1966లో మాంచెస్టర్‌లో చదువు ముగించుకుని ఓడలో బొంబాయికి వస్తూ దారిలో ఏడెన్ రేవులో కొన్నారు. అప్పట్లో ఏడెన్‌లో సుంకం ఉండేది కాదు. ఇంగ్లండు నుంచి తిరిగివచ్చే మనవాళ్ళు చాలామంది అక్కడ దిగి వాచీయో ట్రాన్సిస్టరో కొనుక్కుని మళ్ళీ ఓడ ఎక్కేవారు. ఆ మరుసటి ఏడాదే యుద్ధంతో సూయజ్ కాలువ మూతపడింది. నాన్న ఆ వాచీకి రోజూ స్నానం కాగానే కీ ఇచ్చేవారు. ఆకాశవాణి వార్తలకు ముందు వచ్చే బీప్ శబ్దంతో ముళ్ళు సరిచూసుకుని చేతికి పెట్టుకునేవారు. నలభై ఎనిమిదేళ్ళు అలాగే గడిచాయి. 2014లో ఆయన పోయాక అది నాకు వచ్చింది.

వచ్చిన నెలలోనే నగరంలో ఒక దుకాణంలో బాగుచేయడానికి ఇచ్చాను. రెండు గంటల్లో ఓవర్‌హాల్ అయిపోయిందని చేతికిచ్చారు. మూడు నెలలు నడిచింది. తర్వాత రోజుకు పది నిమిషాలు, ఆపై అరగంట వెనకబడుతూ ఒకరోజు పూర్తిగా ఆగిపోయింది. మళ్ళీ తీసుకువెళితే, డయల్ పాతబడిపోయిందనీ, రంగు వేయించి కొత్తదానిలా మెరిపిస్తామనీ అన్నారు. నాకు మనసొప్పలేదు. తెచ్చుకుని మెత్తటి గుడ్డలో చుట్టి దాచాను. ఇక ఎవరికీ ఇవ్వకూడదనుకున్నాను.

నేను జూనియర్ కాలేజీలో ఇరవై ఏడేళ్ళుగా ఫిజిక్స్ చెబుతున్నాను. తోటి లెక్చరర్ ఒకరు తన తాతగారి జేబు గడియారాన్ని బాగుచేయించుకుని వచ్చి, ఆ పనిచేసిన మనిషి గురించి విరామ సమయమంతా చెప్పారు. ఖరీదైన స్విస్ వాచీలు అమ్మే షోరూముల వాళ్ళు కూడా పాతవాటిని ఆయన దగ్గరికే పంపుతారట. పనిచేస్తున్నప్పుడు పక్కన కూర్చుని చూడనిస్తారని కూడా విన్నాక ఫోను నంబరు తీసుకున్నాను.

హైదరాబాదులో గన్‌ఫౌండ్రీ దగ్గర పాత భవనం, మొదటి అంతస్తు. మెట్ల దగ్గర బోర్డు లేదు. ముందుగా ఫోను చేసి, ఆయన చెప్పిన సమయానికే వెళ్ళాలి. నేను వెళ్ళిన రోజున ఏప్రిల్ ఎండ మండిపోతున్నా గదిలో ఫ్యాను తిరగడం లేదు. మూత తీసిన వాచీ బల్ల మీద ఉన్నంతసేపు ఫ్యాను వేయరట. చెప్పులు బయటే విడిచి, తడిగుడ్డతో తుడిచిన నేల మీద లోపలికి నడిచాను. ఉత్తరం వైపు పెద్ద కిటికీ, దాని కింద బల్ల. ఆ బల్ల ఎత్తు చూసి ఆశ్చర్యపోయాను. కూర్చున్న మనిషికి ఛాతీ దాకా వస్తుంది. మోచేతులు బల్లకు ఆని ఉంటేనే వేళ్ళు నిలకడగా ఉంటాయనీ, వంగి చేస్తే నడుము పదేళ్ళు కూడా నిలవదనీ తర్వాత చెప్పారు. బల్ల అంచు నుంచి ఆయన ఒడిలోకి తెల్లటి గుడ్డ ఒకటి పరచి ఉంది. జారిన మర నేల మీదికి పోకుండా అది ఆపుతుంది.

ఆయనకు డెబ్బై దగ్గరపడ్డాయి. జనగామ వైపు పల్లెటూరు, తరతరాల కంసాలి కుటుంబం. పదహారో ఏట హైదరాబాదు వచ్చి పత్తర్‌గట్టిలో ఒక ఉస్తాద్ దగ్గర చేరారు. మొదటి ఏడాదంతా పనిముట్లు తుడవడం, స్క్రూడ్రైవర్ల మొనలు రాయి మీద నూరడం తప్ప ఒక్క వాచీనీ తాకనివ్వలేదట. తర్వాత గోడ గడియారాలు, ఆ తర్వాత హెచ్.ఎం.టి. జనతాలు. "నా చేతికి పని నేర్పింది జనతా మెషీనే" అన్నారు. హెచ్.ఎం.టి. జపాను కంపెనీ సిటిజెన్ సాయంతో 1961లో బెంగళూరులో వాచీల తయారీ మొదలుపెట్టింది. దాని వాచీల కంపెనీని మూసేయాలని 2016లో ప్రభుత్వం నిర్ణయించింది. ఆయన సొరుగులో మాత్రం జనతా విడిభాగాల చిన్న చిన్న డబ్బీలు ఇప్పటికీ వరుసగా పేర్చి ఉన్నాయి.

వాచీ చేతికివ్వగానే విప్పుతారనుకున్నాను. విప్పలేదు. కీ నాలుగు చుట్లు తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు కళ్ళు మూసుకున్నారు. తర్వాత ప్రశ్నలు.

"ఎవరు పెట్టుకునేవారు మేడమ్?"

"మా నాన్నగారు. ఎడమ చేతికి."

"రాత్రి తీసేసి ఎలా పెట్టేవారు? పడుకోబెట్టా, పక్కకు నిలబెట్టా?"

ఆ ప్రశ్న నన్ను ఎవరూ ఎప్పుడూ అడగలేదు. రేడియో మీద, డయల్ పైకి ఉండేలా పడుకోబెట్టేవారని చెప్పాను. ఆయన ఒక నోటుపుస్తకంలో రాసుకున్నారు.

తర్వాత వాచీని టైమ్‌గ్రాఫర్‌కు తగిలించారు. దానికున్న చిన్న మైకు టిక్కుటిక్కులను విని తెర మీద చుక్కలుగా వేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న వాచీ అయితే ఆ చుక్కలన్నీ కలిసి తిన్నటి గీతల్లా అడ్డంగా సాగుతాయి. మా నాన్న వాచీకి తెర మీద ఆవాలు చల్లినట్టయింది. వాచీకి లోలకంలా పనిచేసే బ్యాలెన్సు చక్రం ఎంత దూరం ఊగుతోందో చూపే అంకె 178 డిగ్రీలు. పూర్తిగా కీ ఇచ్చినప్పుడు అది 270 దాటాలట.

అప్పుడు మూత తీశారు.

ఆ మెషీను రంగు చూసి నోట మాట రాలేదు. పసుపు కాదు, తెలుపు కాదు, అప్పుడే చింతపండుతో తోమిన రాగి చెంబు రంగు. ఆ కాలపు ఒమేగా మెషీన్లలో చాలావాటికి ఆ పూత ఉండేదట. 601 అనే నంబరు, పదిహేడు రాళ్ళు అన్న అక్షరాలు చెక్కి ఉన్నాయి. చిన్నప్పటి నుంచి ఆ వాచీని చూశాను, ముట్టుకున్నాను, పెట్టుకున్నాను. దాని లోపల ఇంత అందం ఉందని నాకు తెలియదు. బహుశా నాన్నకూ తెలిసి ఉండదు. మామూలుగా ఎవరి కంటా పడని చోట అంచులు నునుపుగా దిద్ది, మరల తలలను అద్దంలా మెరుగుపెట్టి మూత వేసిన ఆ స్విట్జర్లాండు పనివాళ్ళు ఎవరి కోసం అంత శ్రద్ధ పెట్టారో ఆ గదిలో కూర్చున్నాక అర్థమైంది. వాచీని మళ్ళీ విప్పబోయే మరో పనివాడి కోసం. నా ఎదుట ఉన్న ఆ వాచీ మాస్టారి ముఖంలో ఆ సంతోషం కనిపించింది. ఎప్పుడూ కలవని మనిషి రాసిన ఉత్తరం చదువుకుంటున్నట్టు ఉన్నారు.

అంతలోనే ఆ ముఖం మారింది. మెషీనుకూ కేసుకూ మధ్య ఒక కాగితం ముక్క మడిచి దోపి ఉంది. వదులైన మెషీను కదలకుండా ఎవరో చేసిన ఏర్పాటు. ఒక మర తల చీలి ఉంది. దాని గాడికి సరిపోని స్క్రూడ్రైవర్‌తో బలంగా తిప్పితే అలా అవుతుందట. ఇరుసులు తిరిగే కెంపు రాళ్ళ చుట్టూ నూనె చెరువులా పరుచుకుని, దుమ్ము పట్టి నల్లగా గడ్డకట్టింది. కీ ఇచ్చే గుండీ మీద ఉండాల్సిన ఒమేగా గుర్తు లేదు. అసలు గుండీ తీసేసి వేరేది పెట్టారు. ఆయన ఎవరినీ ఏమీ అనలేదు. చిమటాతో ఆ కాగితం ముక్కను తీసి నా ముందు పెట్టారు. "ఇది మీదే, తీసుకోండి" అన్నారు. రెండు గంటల్లో పని అయిపోయిందంటే నమ్మి తెచ్చుకున్నాను. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

తర్వాత మూతను తిరగేసి, కిటికీ వెలుతురులోకి వంచి చూపించారు. లోపలి వైపు వెంట్రుకల్లాంటి గీతలు. పాతకాలం పనివాళ్ళు వాచీని సర్వీసు చేసినప్పుడల్లా సూదిమొనతో తమ గుర్తూ తేదీ గీసి పెట్టేవారట. ఒకటి 9.74. దాని పక్కన ఉర్దూ అక్షరం లాంటిది ఏదో ఉంది. రెండోది వేరే చేతిరాత, 3/88.

మొదటి తేదీ దగ్గర నాకేమీ గుర్తురాలేదు. రెండోదాన్ని చూస్తూ ఉండిపోయాను. 1988 మార్చి నెలాఖరులో నా పదో తరగతి పరీక్షలు మొదలయ్యాయి. నాకు సొంత వాచీ లేదు. మొదటి పరీక్ష రోజు ఉదయం నాన్న తన వాచీ తీసి నా చేతికి కట్టారు. పట్టీకి అప్పటికే కొత్తగా రెండు రంధ్రాలు పొడిచి ఉంచారు. పరీక్షలు జరిగినన్ని రోజులూ ఆయన వాచీ లేకుండానే మిల్లుకు వెళ్ళారు. ఆ రంధ్రాల సంగతి నాకు ఎప్పుడూ గుర్తుంది. కానీ పరీక్షకు ముందు అది మధ్యలో ఆగిపోకూడదని సర్వీసు కూడా చేయించారని ముప్పై ఏడేళ్ళ తర్వాత, ఆయన లేనప్పుడు, గన్‌ఫౌండ్రీలో ఒక మూత వెనక చదివి తెలుసుకున్నాను. అమ్మతోనూ చెప్పలేదు. ఇంటికి వెళ్ళి అడిగితే ఆవిడా ఆశ్చర్యపోయింది.

మాస్టారు మూతను జాగ్రత్తగా గాజు బుడ్డీ కింద పెట్టారు. విప్పే రోజున వచ్చి చూడవచ్చని, రెండు షరతులు చెప్పారు. కంటికి భూతద్దం గ్లాసు ఉన్నప్పుడు మాట్లాడకూడదు. బల్లకు ఆనుకోకూడదు.

ఆ రోజు ఆదివారం. ఉదయం తొమ్మిదిన్నరకు వెళ్ళాను.

మొదట చేసిన పని, కీ ఇస్తే బిగుసుకునే మెయిన్ స్ప్రింగులో మిగిలిన బలాన్ని వదిలించడం. బొటనవేలు, చూపుడు వేలు గుండీ మీద ఉంచి, అడ్డుగా ఉండే చిన్న కొక్కేన్ని పక్కకు జరిపి, గుండీని వేళ్ళ మధ్య మెల్లగా వెనక్కి తిరగనిచ్చారు. ఒక్కసారిగా వదిలేస్తే పళ్ళు విరుగుతాయి. తర్వాత డయల్ మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం కప్పి, రెండు చిన్న మీటలతో ముళ్ళను లేపారు. డయల్ వచ్చింది. అడుగున స్విస్ మేడ్ అన్న మాటలకు అటూ ఇటూ టి అనే అక్షరం ఉంది. చీకట్లో వెలగడానికి ట్రిటియం కలిపిన పూత వాడారని దానర్థం. ఇది నా సబ్జెక్టే. ట్రిటియం అర్ధాయువు, అంటే సగానికి తగ్గడానికి పట్టే కాలం, 12.3 సంవత్సరాలు. ఈ అరవై ఏళ్ళలో ఆ పదార్థం దాదాపు ముప్పయ్యో వంతుకు తగ్గిపోయి ఉంటుంది. ఇప్పుడు ఆ చుక్కలు వెలగవు, తేనె రంగుకు తిరిగాయి. కొత్త పూత వేస్తారా అని అడిగాను. "వేయను. వెలుగు పోయింది, రంగు వచ్చింది. ఆ రంగు నేను తేలేను" అన్నారు.

ఇక బ్యాలెన్సు. దాన్ని పట్టి ఉంచే వంతెనకు ఒకే ఒక మర. అది తీసి చిమటాతో వంతెనను పైకి లేపగానే, దాని కింద హెయిర్ స్ప్రింగు సాగి, చివర చక్రం ఉట్టికి కట్టిన కుండలా వేలాడింది. నా గుండె ఆగినంత పనైంది. ఆ స్ప్రింగు చేతి వెంట్రుక కంటే సన్నం. ఒక్క చుట్టు వంగితే మళ్ళీ సరిచేయడానికి ఒక పూట పడుతుందట. ఆయన దాన్ని గాలిలోనే మెల్లగా తిప్పి, వెల్లకిలా బల్ల మీద పడుకోబెట్టారు. చంటిబిడ్డను ఊయలలో వేసినట్టుంది.

ప్రతి సంవత్సరం సరళ హరాత్మక చలనం పాఠంలో, డోలనావర్తన కాలం కంపన పరిమితి మీద ఆధారపడదని, అంటే ఊపు పెద్దదైనా చిన్నదైనా ఒక్కో ఊపుకు పట్టే సమయం ఒకటేనని, నల్లబల్ల మీద రాస్తాను. చక్రం జడత్వ భ్రామకం, స్ప్రింగు బిగువు, ఈ రెండే కాలాన్ని నిర్ణయిస్తాయని పిల్లల చేత వల్లెవేయిస్తాను. 1675లో డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ గడియారానికి చుట్టల స్ప్రింగు పెట్టాడని కూడా చెబుతాను. ఆ సమీకరణం మొత్తం ఇప్పుడు రూపాయి బిళ్ళంత చోటులో నా ఎదుట ఉంది. గంటకు 19,800 సార్లు కొట్టుకుంటుంది, అంటే సెకనుకు అయిదున్నర. ఏడాది పొడవునా నడిస్తే పదిహేడు కోట్లు దాటుతుంది. మధ్యాహ్నం భోజనానికి లేచినప్పుడు ఈ మాట మాస్టారుతో అన్నాను. ఆయన శ్రద్ధగా విని, "పుస్తకంలో ఊపు తగ్గినా టైము మారదమ్మా. చేతిలో మారుతుంది. ఆ మారేదాన్ని ఎంత తక్కువ చేయగలమన్నదే మా పని" అన్నారు. ఎండ వేడికి ఉక్కు స్ప్రింగు మెత్తబడి గడియారం నెమ్మదించేది. వేడికి లొంగని నికెల్ ఉక్కు మిశ్రమాలను కనిపెట్టిన స్విస్ శాస్త్రవేత్త గియోమ్‌కు 1920లో నోబెల్ బహుమతి ఇచ్చారు. హైదరాబాదు ఏప్రిల్‌లో ఆ బహుమతి విలువ బాగా తెలుస్తుంది.

మధ్యాహ్నానికి మెషీను మొత్తం విడిపోయి, గాజు మూతల కింద చిన్న చిన్న గిన్నెల్లో ఉంది. నూరుకు పైగా ముక్కలు. శుభ్రం చేసే ద్రావకంలో అన్నీ వేసే ముందు ఒక్కదాన్ని మాత్రం పక్కకు తీశారు. ప్యాలెట్ ఫోర్కు. లంగరు ఆకారంలో ఉండే చిన్న ముక్క, దాని రెండు చేతుల చివర రెండు కెంపు పలకలు. స్ప్రింగు బలాన్ని ఒక్కో పన్ను చొప్పున వదులుతూ టిక్కుమనే శబ్దం చేసేది అదే.

"దీన్ని స్పిరిట్‌లో నానబెట్టకూడదు. రాళ్ళు ఊడిపోతాయి. వాటిని అంటించింది లక్కతో."

లక్క! మన లాడ్ బజారులో గాజులకు కరిగించే లక్క. చెట్టు కొమ్మల మీద పురుగులు పెట్టే ఆ లక్క నుంచి తీసిన షెల్లాక్‌నే స్విట్జర్లాండు వాళ్ళు తమ అతి సున్నితమైన మెషీన్లలో కెంపులను అంటించడానికి వాడుతూ వచ్చారు. వేడి చేస్తే మెత్తబడుతుంది, రాయిని జరిపి సరిచేయవచ్చు, చల్లారితే బిగుస్తుంది. ఇంతకంటే మంచి జిగురు తన యాభై ఏళ్ళలో చూడలేదన్నారు. ఆ ఫోర్కును ఒక్కదాన్నే వేరే ద్రావకంలో ఒక నిమిషం ముంచి తీశారు. తర్వాత జీలుగు బెండు ముక్కలో గుచ్చి దాని మొనలు తుడిచారు. పెళ్ళి బాసికాలు చేసే బెండు అది. చిమటా మొనలూ నూనె సూదులూ కూడా రోజుకు వందసార్లు ఆ బెండులోనే గుచ్చి తీస్తారు.

కెంపుల గురించి చాలామందికి ఒక అపోహ ఉంది, నాకూ ఉండేది. పదిహేడు రాళ్ళంటే పదిహేడు విలువైన నగల రాళ్ళు అనుకునేదాన్ని. అవి కొలిమిలో చేసినవి. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త వెర్నుయ్ 1902లో ఆ పద్ధతిని ప్రకటించాక అవి చవకయ్యాయి. వాటి గొప్పతనం ధరలో లేదు. గట్టిదనంలో, నునుపుదనంలో ఉంది. ఉక్కు ఇరుసు రాతి రంధ్రంలో ఏళ్ళ తరబడి తిరిగినా రంధ్రం సాగదు. సన్నటి పుల్ల చెక్కి ఒక్కో రంధ్రంలో తిప్పి తీసి, పుల్ల కొన తెల్లగా వచ్చేదాకా ఆయన వదల్లేదు. కొన్నింటికి మూడు పుల్లలు పట్టాయి.

మళ్ళీ బిగించడం సాయంత్రం దాకా సాగింది. నేను అన్నిటికంటే ఎక్కువ నేర్చుకున్నది నూనె దగ్గర. స్విట్జర్లాండు నుంచి వచ్చే మోబియస్ నూనెలు నాలుగు రకాలు, నాలుగు చిన్న రాతి గిన్నెల్లో. వేగంగా తిరిగే సన్నటి ఇరుసుకు పల్చటిది, బరువు మోసే చోట చిక్కటిది. సూదికి అంటుకున్న చుక్క కంటికి కనిపించనంత చిన్నది. భూతద్దంలో చూపించారు. రెండు రాళ్ళ మధ్య ఆ చుక్క గుండ్రటి ఉంగరంలా నిలబడింది, చుట్టూ ఖాళీ ఉంది. ఆ ఉంగరం రాయి అంచును తాకకూడదు. తాకితే కేశనాళికీయత వల్ల నూనె మొత్తం బయటికి లాగేసుకుపోతుంది, అసలు చోటు ఎండిపోతుంది. ఎక్కువ పోయడం వల్లనే నూనె లేకుండా పోతుందన్నమాట. నాన్న వాచీకి జరిగింది అదే.

ప్యాలెట్ ఫోర్కు ఇరుసుల దగ్గరకు వచ్చేసరికి సూదిని పక్కన పెట్టేశారు. మరిచిపోయారేమోనని, గ్లాసు తీసేదాకా ఆగి అడిగాను.

"అక్కడ వేయకూడదమ్మా. అది కొంచెమే కదులుతుంది. అక్కడ నూనె మందు కాదు, జిగురు."

ఆ రోజంతా ఆయన పనితనాన్ని చూస్తున్నానని అనుకున్నాను. తిరిగి ఆలోచిస్తే నేను చూసినవాటిలో సగం ఆయన చేయననుకున్న పనులు. చుక్కలకు పూత వేయలేదు. డయల్‌ను గాలి బుడ్డితో ఊదడం తప్ప తాకలేదు. కేసుకు పాలిష్ పెడతారా అని అడిగితే, పట్టీ తగిలించే చెవుల అంచును గోటితో తడిమి చూడమన్నారు. పదునుగా తగిలింది. "చక్రం మీద పెడితే మెరుస్తుంది. ఆ మెరుపు లోహాన్ని తినేసి వస్తుంది. మీ నాన్నగారి గీతలు పోతాయి, వాళ్ళు చెక్కిన అంచూ పోతుంది." మార్చినవి మూడే. అలసిపోయిన మెయిన్ స్ప్రింగు, ఎండిపోయిన రబ్బరు రింగు, తల చీలిన మర. గుర్తులేని గుండీ బాగానే పనిచేస్తోంది కాబట్టి, అసలుది దొరికినప్పుడు చూద్దామన్నారు. రంగు వేస్తాం, మెరిపిస్తాం, కొత్తది చేస్తాం అని ఉత్సాహపడేవారిని చూశాను. ఎక్కడ ఆగాలో ఇంత కచ్చితంగా తెలిసిన చేతులను చూడడం నాకు ఇదే మొదటిసారి.

చివరగా బ్యాలెన్సును దాని చోట దింపారు. కీ రెండు చుట్లు తిప్పారు. కొన్ని క్షణాలు ఏమీ జరగలేదు. వంతెన మరను బిగిస్తుండగానే చక్రం దానంతట అదే కదిలింది, ఊగింది, ఊపందుకుంది. ఎవరూ తట్టలేదు, నెట్టలేదు. సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే గడియారం ముందు చిన్నప్పుడు నాన్నతో నిలబడ్డాను. కలకత్తా కుక్ అండ్ కెల్వీ వాళ్ళ గడియారం అది. గంట అయ్యే ముందు తలుపు తెరుచుకుని గడ్డం బొమ్మ బయటికి వస్తుంటే గుంపంతా ఊపిరి బిగబట్టేది. ఆ బొమ్మ కంటే ఈ చక్రం కదలిక నన్ను ఎక్కువ కదిలించింది. టైమ్‌గ్రాఫర్ తెర మీద ఇప్పుడు ఆవాలు లేవు, రెండు తిన్నటి గీతలు. ఊపు 284 డిగ్రీలు.

వారం రోజులు తన దగ్గరే ఉంచుకుని రకరకాల భంగిమల్లో పరీక్షించారు. డయల్ పైకి, డయల్ కిందికి, గుండీ కిందికి, గుండీ ఎడమకు. వాచీ పడుకుని ఉంటే ఇరుసు తన మొన మీద తిరుగుతుంది. నిలబడితే పక్కకు ఒరుసుకుంటూ తిరుగుతుంది, ఘర్షణ పెరుగుతుంది, ఊపు తగ్గుతుంది. నిలబడిన వాచీలో ఏ వైపు కిందికి ఉందన్నదాన్ని బట్టి వచ్చే తేడాలను సగటు చేయడానికే గడియారాల నిపుణుడు బ్రెగే 1801లో టూర్బియాన్ అనే తిరిగే పంజరానికి పేటెంటు తీసుకున్నాడు. ఇప్పుడు దాని కోసం లక్షలు, కోట్లు పోస్తున్నారు. మాస్టారు మాత్రం నేను రాత్రి వాచీని ఎలా పెడతానో మళ్ళీ అడిగారు. నాన్నలాగే, డయల్ పైకి అన్నాను. పగలు చేతి మీద కొంచెం వెనకబడింది రాత్రి పడుకున్నప్పుడు సర్దుకునేలా బిగువు సరిచేశారు. మొదటి రోజు ఆ ప్రశ్న ఎందుకడిగారో అప్పుడు తెలిసింది.

మొత్తం 8,500 రూపాయలు తీసుకున్నారు. మూత బిగించే ముందు మీరు కూడా తేదీ గీయరా అని అడిగాను. నిజం చెప్పాలంటే గీయాలనే కోరుకున్నాను, ఆ రెండింటి పక్కన మూడోది ఉండాలనిపించింది. ఆయన తల అడ్డంగా ఊపారు. గీసినది చెరగదనీ, ఈ కాలంలో పుస్తకంలో రాసుకుంటే చాలనీ అన్నారు. వాచీ నంబరు, చేసిన పని, వేసిన నూనెలు, అంకెలు అన్నీ నా ఎదుటే నోటుపుస్తకంలో ఎక్కించారు. 9.74నూ 3/88నూ కూడా దానిలో రాసుకున్నారు.

నెల తర్వాత ఒకసారి చూపించమన్నారు. ఆ నెలంతా రోజూ ఉదయం స్నానం కాగానే కీ ఇచ్చి, ఫోనులో సమయంతో పోల్చి కాగితం మీద రాశాను. రోజుకు సగటున నాలుగు సెకన్లు ముందుకు పోతోంది. రోజుకు 86,400 సెకన్లు. అరవై ఏళ్ళ వాచీ, కీ ఇచ్చిన స్ప్రింగు బలం ఒక్కటే ఆధారం. స్విట్జర్లాండులో కొత్త క్రోనోమీటర్లకు, అంటే కచ్చితత్వ పరీక్ష నెగ్గిన వాచీలకు, ఇచ్చే ధ్రువపత్రమే సగటున ఆరు సెకన్ల ముందుదాకా ఒప్పుకుంటుంది. అయినా ఆ నాలుగూ లేకుండా చేయగలరేమోనని ఆశపడుతూ వెళ్ళాను.

మాస్టారు నా కాగితం తీసుకుని ముప్పై అంకెలూ వేలితో ఒక్కొక్కటే చదివారు. వాచీని చెవి దగ్గర పెట్టుకున్నారు. మైకుకు తగిలించి గీతలు చూశారు. మూత తీయలేదు. మెత్తటి తోలుతో అద్దం తుడిచి నా చేతిలో పెట్టేశారు. "నాలుగు తీయబోతే రెండు పోవచ్చు, ఎనిమిది రావచ్చు. ఇప్పుడు రోజూ ఒకేలా నడుస్తోంది. అయిదేళ్ళ తర్వాత తీసుకురండమ్మా" అన్నారు. డబ్బు ఇవ్వబోతే వద్దన్నారు.

నోటుపుస్తకం తెరిచి, మా వాచీ నంబరు ఎదురుగా ఆ రోజు తేదీ వేశారు. దాని పక్కన రాసినది నాకు కనిపించింది: చూశాను, ముట్టుకోలేదు. పుస్తకం మూసి, బల్ల మీద విప్పిన వాచీ ఏదీ లేదు కాబట్టి, లేచి ఫ్యాను వేశారు.